మాట గుచ్చుకున్నప్పుడు బైబిల్ వాక్యంలో ధైర్యం ఎలా తెచ్చుకోవాలి? చేస్తున్న పని ఆపకుండా నిలబడే పద్ధతి

"అక్కా, ఇంత కష్టపడి చేస్తున్నాను, చివరికి మాటలే మిగులుతున్నాయి. మానేద్దామనిపిస్తోంది. ఏ వాక్యం చదవమంటారు?"

ఈ ప్రశ్న రాని నెల లేదు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో సండే స్కూల్ నడిపే చెల్లి అడుగుతుంది. కాశీనగర్‌లో పాటల బృందం చూసుకునే తమ్ముడు అడుగుతాడు. గుణుపురం, రాయగడ నుంచి కూడా ఫోన్లు వస్తాయి. ఒక వాక్యం పేరు చెప్పి పంపేయడం తేలికే. నేనూ చాలాకాలం అదే చేశాను. వారం తిరిగేసరికి వాళ్ళు మళ్ళీ అదే బాధతో వచ్చేవాళ్ళు.

నాకు అర్థమైంది ఇది. ఎవరైనా ఒక మాట అనగానే మనం ముందు నలుగురికి చెప్పుకుంటాం. చెప్పిన ప్రతిసారీ అది కాస్త పెరుగుతుంది. అంతా అయ్యాక, అలసిపోయి, చివర్లో దేవుని దగ్గరికి వెళ్తాం. అప్పటికి ఆ మనిషి అన్న మాట ఒకటి, మనం మోస్తున్నది ఇంకొకటి. అందుకే ఈ వరుసను తిరగేయమంటున్నాను. ఆ మాట మనుషుల దగ్గరికంటే ముందు దేవుని దగ్గరికి వెళ్ళాలి, అదీ ఉన్నది ఉన్నట్టుగా. కింద రాసిన అడుగులన్నీ దానికోసమే.

ముందుగా ఒక జాగ్రత్త

ఇది విమర్శకు, ఎగతాళికి, నిరుత్సాహపరిచే మాటలకు చెప్పే పద్ధతి. ఇంట్లో కొడుతున్నా, బెదిరిస్తున్నా, ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తున్నా ఓర్చుకోమని ఇందులో ఎక్కడా లేదు. అలాంటప్పుడు 112కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళయితే 181కి కూడా చేయొచ్చు. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి చేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ఫోన్ చేయడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే నమ్మకండి.

కావాల్సినవి

- మీకు బాగా చదవడం వచ్చిన భాషలో బైబిల్. మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అలాంటివాళ్ళు ఒడియా బైబిలే తీసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. అసలు చదవడం రాకపోతే ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టుకోండి.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. నోట్‌బుక్ కంటే విడి కాగితం మంచిది, ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది.
- మొదటి రోజు అరగంట, తర్వాత ఆరు రోజులు పది నిమిషాలు.
- మీకు నిజం చెప్పగలిగిన ఒక్క మనిషి.

1. ఆ రాత్రి జవాబు ఇవ్వకండి. తిని పడుకోండి.

రాణి యెజెబెలు చంపుతానని కబురు పెట్టినప్పుడు ప్రవక్త ఏలీయా అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. 1 రాజులు 19 చదవండి. దేవుడు ఆయనకు వెంటనే ప్రసంగం చెప్పలేదు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ పెట్టాడు. మాటలు ఆ తర్వాతే.

అందుకని ఇంట్లో పఖాళో చద్దన్నమో ఏది ఉంటే అది తినండి. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టకండి, స్టేటస్‌లో వాక్యం అస్సలు పెట్టకండి. ఆ వాక్యం ఎవరిని ఉద్దేశించి పెట్టారో ఊరంతటికీ తెలుస్తుంది.

2. అన్న మాటను అన్నట్టే రాయండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు, నేనూ తప్పాను. అందుకే నా సంగతే చూపిస్తాను.

మా సంఘంలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చదవడం నేర్పిస్తుంటాను, అప్పట్లో ఆరాధన అయ్యాక పెట్టేదాన్ని. బడిలో ఒడియా, ఇంగ్లిష్ వస్తాయి. ఇంట్లో నానమ్మ దగ్గరున్న బైబిల్, పాటల పుస్తకం మాత్రం తెలుగులో ఉంటాయి. ఆ పుస్తకాలు నానమ్మతోనే మూతపడిపోకూడదని నా ఆశ. ఒక ఆదివారం సంఘ పెద్ద ఒకాయన, వరసకు మామయ్య అవుతారు, చాపలు చుడుతున్న నా దగ్గరికి వచ్చి ఒక మాట అన్నారు. ఆ రాత్రి కాగితం మీద నేను రాసింది ఇది: "అందరి ముందు నన్ను అవమానించారు. నా సేవ దండగన్నారు."

మర్నాడు పొద్దున్న చూసుకుంటే అందులో ఆయన మాట ఒక్కటీ లేదు, అంతా నా ఏడుపే. దాన్ని కొట్టేసి, ఆయన గొంతు గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాశాను: "పదిమంది పిల్లల కోసం ఇంత హడావిడి ఎందుకమ్మా? పరీక్షలన్నీ ఒడియాలో ఉంటే ఈ అక్షరాలు ఏం కూడు పెడతాయి?"

చూశారా తేడా? మొదటిదాంతో నేను ఏమీ చేయలేను, ఏడవడం తప్ప. రెండోదానిలో విడదీసి చూడగలిగిన ముక్కలున్నాయి.

సరిచూసుకోండి: మీరు రాసింది ఆ మనిషికి చదివి వినిపిస్తే "అవును, అదే అన్నాను" అనాలి. "నేనలా అనలేదే" అంటారని అనిపిస్తే మళ్ళీ రాయండి. ఎవరో మోసుకొచ్చిన మాటైతే "ఫలానావాళ్ళు చెప్పారు" అని పక్కన రాయండి. అలాంటివి రాస్తుంటేనే సగం తేలిపోతాయి.

3. ఆ కాగితాన్ని దేవుని ముందు పరచండి.

2 రాజులు 19వ అధ్యాయంలో రాజైన హిజ్కియాకు అష్షూరు రాజు నుంచి ఉత్తరం వచ్చింది. నీ దేవుణ్ణి నమ్ముకుని మోసపోకు అని దాని సారాంశం. హిజ్కియా ఆ ఉత్తరం చదివి, మందిరానికి వెళ్ళి, దేవుని సన్నిధిలో దాన్ని విప్పి పరిచాడు. తర్వాత, ఈ మాటలు నీవే విను, చూడు అని ప్రార్థించాడు. అష్షూరు రాజులు దేశాల్ని పాడుచేసింది నిజమేనని కూడా ఆ ప్రార్థనలోనే ఒప్పుకున్నాడు. ఉత్తరంలోని నిజాన్ని దాచలేదు.

మీరూ అలాగే చేయండి. తలుపు వేసుకుని, కాగితం ముందు పెట్టుకుని, పైకి చదవండి. ఎక్కడ గుచ్చుకుందో చెప్పండి. మాటలు రాకపోతే కీర్తనలు మీ బదులు మాట్లాడతాయి. నింద వల్ల గుండె పగిలిందంటే 69వ కీర్తన. అన్నది సొంత స్నేహితుడే అయితే 55వ కీర్తన. లోపల కుంగిపోయి ఉంటే 42.

కోపం వస్తే? రానివ్వండి. నెహెమ్యా 4వ అధ్యాయంలో, యెరూషలేము గోడ తిరిగి కట్టిస్తుంటే ఎగతాళి చేసినవాళ్ళ మీద నెహెమ్యా చేసిన ప్రార్థన చాలా ఘాటుగా ఉంటుంది. కానీ గమనించండి, ఆ ఘాటు మాటలు ఆయన దేవునితో అన్నాడు. ఎగతాళి చేసిన సన్బల్లటు ఇంటికెళ్ళి అనలేదు.

ఇంట్లో ఒంటరిగా కూర్చునే చోటు దొరకదని చాలామంది ఆడవాళ్ళు అంటారు, నిజమే. పొద్దున్నే మేడ మీదో, మహేంద్రతనయ నది గట్టునో, ఎవరూ రాకముందు మందిరంలోనో కూర్చోండి. పైకి చదవడం కుదరకపోతే పెదవులు కదిపితే చాలు, సమూయేలు తల్లి హన్నా అలాగే ప్రార్థించింది.

4. మూడు గడులు గీసి విడదీయండి.

కాగితం వెనక మూడు గడులు గీయండి: నిజం, సగం నిజం, నాకు చెందనిది. మాటను ముక్కలు చేసి వాటిలో వేయండి. తొందరపడకండి, అసలు పనంతా ఇక్కడే ఉంది.

నా కాగితం ఇలా వచ్చింది. "పదిమంది పిల్లలు" నిజమే, లెక్కపెడితే పదకొండు. "హడావిడి" సగం నిజం. నా క్లాస్ పన్నెండున్నర దాటేది, ఆ తర్వాత అదే గదిలో స్త్రీల కూడిక. పెద్దవాళ్ళు ఎండలో బయట నిలబడేవారు, నేను గమనించనే లేదు. "అక్షరాలు కూడు పెట్టవు" నాకు చెందనిది. నేను ఉద్యోగం కోసం నేర్పడం లేదు.

ఆయన అన్న ఆ ఒక్క మాటలో ఒక నిజం, ఒక సగం నిజం, ఒక అపార్థం ఉన్నాయి. మొత్తం మింగినా తప్పే, మొత్తం ఉమ్మేసినా తప్పే.

బైబిల్లో మూడింటికీ మనుషులున్నారు. నిర్గమకాండము 18లో మామ యిత్రో మోషేతో, నువ్వు చేసే పని బాగాలేదు, నువ్వూ ప్రజలూ అలసిపోతారు అన్నాడు. మోషే విని, పని పంచాడు. 1 సమూయేలు 17లో సొంత అన్న ఏలీయాబు దావీదును, గొర్రెల్ని ఎవరికి వదిలి వచ్చావు, నీ గర్వం నాకు తెలుసు అని కసిరాడు. దావీదు ఒక్క మాట అని, పక్కకు తిరిగి తన పని చూసుకున్నాడు. అన్నతో పోట్లాడుతూ కూర్చుంటే ఆరోజు గొల్యాతు దగ్గరికి వెళ్ళేవాడే కాదు. 2 సమూయేలు 16లో షిమీ రాళ్ళు రువ్వుతూ తిట్టినప్పుడు వాడి తల తీసేస్తామన్న తనవాళ్ళను దావీదు ఆపాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం నెహెమ్యాయే. 4వ అధ్యాయంలో, ఎగతాళి చేసినవాళ్ళలో ఒకడైన టోబీయా, వీళ్ళు కట్టే గోడ మీద నక్క ఎక్కినా పడిపోతుందని నవ్వాడు. నెహెమ్యా పట్టించుకోలేదు, గోడ లేస్తూనే ఉంది. వెంటనే 5వ అధ్యాయంలో పేదవాళ్ళు వచ్చి, అప్పుల కింద మా పొలాలు పోయాయి, పిల్లలు బానిసలవుతున్నారు అని మొరపెట్టుకుంటే, అదే నెహెమ్యా పెద్దలందర్నీ పిలిచి నిలదీసి ఆ అన్యాయాన్ని సరిచేశాడు. విమర్శ మీద చెవులు మూసుకునే మనిషైతే రెండోది జరిగేది కాదు. 4, 5 అధ్యాయాలు ఒకే రోజు కలిపి చదవండి.

ఇక్కడ ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఎవరైనా తప్పు చూపించగానే "నా అభిషిక్తులను ముట్టవద్దు" అనే మాట ఎత్తడం మన సంఘాల్లో అలవాటైపోయింది. కానుకల లెక్క అడిగిన మనిషికి, టైమ్ గురించి అడిగిన మనిషికి అది జవాబు కాదు. వాక్యం మనల్ని నిలబెట్టడానికి ఇచ్చింది, ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి ఇచ్చింది కాదు.

5. ఒక్క వాక్యభాగం తీసుకోండి, ఏడు రోజులు దానితోనే ఉండండి.

కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టడం, కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డు వెతుక్కోవడం వద్దు. ఒక వాక్యం ముక్క కంటే అది ఉన్న కథంతా చదివితే ధైర్యం ఎక్కువసేపు నిలుస్తుంది. మీ సంగతిని బట్టి ఎంచుకోండి:

- ఎగతాళి చేస్తుంటే: నెహెమ్యా 4, 6 అధ్యాయాలు
- ఇంటివాళ్ళే అంటుంటే: మార్కు 3వ అధ్యాయం చివర. యేసుకు మతి చలించిందని ఆయన సొంతవాళ్ళే పట్టుకోవడానికి వచ్చారు.
- చేయని తప్పు అంటగడితే: 1 పేతురు 2వ అధ్యాయం చివర, 37వ కీర్తన
- చిన్నదానివి, నీకేం తెలుసు అంటుంటే: 1 తిమోతి 4:12
- అలసిపోయి వదిలేయాలనిపిస్తే: హెబ్రీయులకు 12:1-3
- ఫలితమే కనిపించకపోతే: యెషయా 49:4, గలతీయులకు 6:9

చివరిదానికి మన తెలుగువాళ్ళ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1836లో తెలుగువాళ్ళ మధ్యకు వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌లో పనిచేసే జ్యూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీకూ అంతమంది వస్తారని చెప్పడానికి ఇది రాయలేదు. మూసేద్దామన్న మాట విన్నరోజు వాళ్ళ చేతిలో ఆ 2,222 అనే అంకె లేదు, అయినా కొండెక్కారు. నేను మీకు చూపించాలనుకున్నది ఆ తెల్లవారుజామునే.

ఇంకా దగ్గరి మనిషి కావాలంటే పురుషోత్తమ చౌదరిగారు. 1803లో మన పర్లాకిమిడి ప్రాంతంలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఇంటా బయటా ఎన్ని మాటలు పడి ఉంటారో ఊహించుకోండి. ఆయన రాసిన కీర్తనలు నానమ్మ పాటల పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. సరిహద్దు ఇవతల ఉన్న మనల్ని "మీది ఒడియా కలిసిన తెలుగు" అని ఆంధ్రావైపు పాతపట్నం చుట్టాలు అన్నప్పుడు నేను ఆయన్నే గుర్తు చేసుకుంటాను.

6. అదే రోజు ఆ పనిలో చిన్న ముక్కైనా చేయండి.

ధైర్యం వచ్చాక పని చేద్దామని ఆగితే ఆ రోజు రాదు. యెరూషలేము గోడ కట్టినప్పుడు చాలామంది తమ ఇంటి ఎదురుగా ఉన్న భాగం కట్టారు (నెహెమ్యా 3). మొత్తం గోడ 52 రోజుల్లో పూర్తయింది. మీ ఇంటి ఎదురు ముక్క ఏదో చూసుకోండి. పాటల బృందమైతే ఒక పాట ప్రాక్టీస్. సండే స్కూల్ అయితే ఒక పిల్లవాడి ఇంటికి వెళ్ళి పలకరింపు. నేను ఆరోజు పలకల మీద "అ ఆ" గీతలు మళ్ళీ దిద్దాను, అంతే.

7. ఒక్కరికే చెప్పండి.

స్నేహితుడు యోనాతాను అడవిలో దాక్కున్న దావీదు దగ్గరికి వెళ్ళి దేవునియందు అతణ్ణి బలపరిచాడని 1 సమూయేలు 23లో ఉంది. అలాంటి ఒక్కరిని వెతుక్కోండి. "వాళ్ళంతేలే, వదిలెయ్" అనేవాళ్ళు దీనికి పనికిరారు. మీ కాగితం చూసి "ఈ ముక్క మాత్రం నిజమే" అనగలిగినవాళ్ళు కావాలి. పాస్టరు అయ్యగారు కావచ్చు, అత్తగారు కావచ్చు.

ప్రార్థన అంశం పేరుతో కూడికలో పెట్టకండి. "ఒక సహోదరుడు నన్ను బాధపెట్టారు, పేరు చెప్పను" అంటే పేరు చెప్పినట్టే.

8. జవాబు అవసరమైతే రెండు మాటల్లో ఇవ్వండి.

అన్ని విమర్శలకూ జవాబు అక్కర్లేదు. ఓనో మైదానానికి రా, మాట్లాడుకుందాం అని శత్రువులు నాలుగుసార్లు పిలిస్తే, గొప్ప పనిలో ఉన్నాను, దిగి రాలేను అని నెహెమ్యా నాలుగుసార్లూ అదే జవాబు పంపాడు. కానీ అన్నది మన మంచి కోరే పెద్దవాళ్ళయితే వెళ్ళి మాట్లాడాలి. నిజమైన ముక్కను ముందు ఒప్పుకుని, పని సంగతి తర్వాత చెప్పండి.

వారం తర్వాత నేను ఆయనతో అన్నది: "టైమ్ సంగతి మీరన్నది నిజమే మామయ్యా. ఇకమీద ఆరాధనకు ముందే ఎనిమిదిన్నరకు పెట్టుకుంటాను. క్లాస్ మాత్రం ఆపను." ఆయన "సరేలేమ్మా" అన్నారు. మెచ్చుకోలేదు, మెచ్చుకోవాలని నేను అడగనూ లేదు.

ఏడో రోజు సరిచూసుకోండి

కాగితాన్ని మళ్ళీ పైకి చదవండి. గొంతు వణకకుండా చివరిదాకా వచ్చిందా? ఈ వారంలో పని ఆగకుండా సాగిందా? "నిజం" గడిలో ఉన్నదాంట్లో ఒక్కటైనా మార్చుకున్నారా? ఆ మనిషి పేరు ఎత్తి మేలు కోరుతూ ఒక్క వాక్యం ప్రార్థించగలిగారా? నాలుగింటిలో మూడు వస్తే చాలు. నాలుగోది చాలామందికి ఆలస్యంగా వస్తుంది, నాకు రెండు నెలలు పట్టింది.

అవతలివాళ్ళు మారారా లేదా అని మాత్రం చూడకండి. దాన్నిబట్టి కొలిస్తే మీ ధైర్యం వాళ్ళ నోట్లో ఉన్నట్టే.

నాలుగిట్లో ఒక్కటీ రాకపోతే సాధారణంగా రెండో అడుగులో పొరపాటు ఉంటుంది. రాసినదాన్ని తీసి చూడండి, వాళ్ళ మాటలున్నాయా, మీ బాధ ఉందా అని.

ఎక్కువమంది అడిగే ఇంకో రెండు

"ఉపవాసం ఉండాలా?" ఉండగలిగితే ఉండండి. కానీ కుంగిపోయి ముద్ద దిగని రోజున దానికి ఉపవాసం అని పేరు పెట్టకండి. ఏలీయాకు దూత అన్నం పెట్టిన సంగతి పైనే చెప్పాను.

"అదే మనిషి మళ్ళీ అంటే?" మళ్ళీ మొదటి అడుగు నుంచి. కొత్త కాగితం తీయండి. పాతదాని కింద రాయొద్దు, అలా రాస్తే అది ఆ మనిషి మీద ఫైలు అవుతుంది. పాతది 2 రాజులు 19 ఉన్న పేజీలో పెట్టేయండి. నాది అక్కడే ఉంది, వెనక మూడు గడులతో సహా.